మాస్టరు తీసేసిన తీగలు

మొన్న గురువారం పొద్దున యాదమ్మక్క ఫోన్ చేసి, "మాస్టరు పోయిండు బిడ్డా" అంది. నాకు ఫోనులో మాట్లాడటం రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు కనుక మళ్లీ ఆమే అందుకుంది. "తిప్పల పెట్టలె, తిప్పల పడలె. అన్నం తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, పండుకున్నడు. గంతే."

మూడు పనుల్లో ముగించాడన్నమాట. ఇంకెవరైనా అయితే మధ్యలో చాలా పెట్టుకునేవారు. ఏ పనిలోనైనా అక్కర్లేనిది తీసెయ్యడం ఆయన అలవాటు.

కొత్తకోటలో హైవే పక్కన, టైర్ల దుకాణం వెనక ఉన్న రేకుల షెడ్డులో నేను నాలుగేళ్లు పనిచేశాను. అక్కడ బోరు మోటార్లకు పెట్టే వైర్‌లెస్ డబ్బాలు తయారయ్యేవి. పొలంలో స్టార్టరు పక్కన ఒక డబ్బా ఉంటుంది. రైతు చేతిలో సబ్బుబిళ్లంత రిమోటు ఉంటుంది. ఇంటి ముందర కూర్చుని మీట నొక్కితే అంత దూరాన ఉన్న మోటారు తిరుగుతుంది. తిరగకపోతే రైతు డబ్బా ఊడదీసుకుని, బండి మీద పెట్టుకుని, మా షెడ్డుకు వస్తాడు. మోటారు తిరిగిన రైతులు ఎలా ఉంటారో మాకు తెలియదు. వాళ్లెవరూ వచ్చేవారు కాదు.

డబ్బాలో రెండు బోర్డులుంటాయి. ఒకటి గాలిలో వచ్చిన మాటను వినే రేడియో బోర్డు. రెండోది విన్నదాన్ని అర్థం చేసుకుని మోటారుకు చెప్పే పెద్ద బోర్డు. వినేదాని నుంచి చెప్పేదానికి మాట చేరడానికి మధ్యలో ఎనిమిది తీగలు, ఎనిమిది రంగులవి. వాటి ఒక కొన రేడియో బోర్డుకు అతికే వస్తుంది, రెండో కొనను రంగు చూసి పెద్ద బోర్డు మీద దాని చోట అతకాలి. ఒక్కో అక్షరాన్ని ఎనిమిది ముక్కలు చేసి, తీగకొక ముక్క చొప్పున అన్నిటినీ ఒకేసారి పంపుతారు. పుస్తకంలో బొమ్మగా చూస్తే ఇది చాలా బాగుంటుంది. పొలంలో ఎలుకలుంటాయి.

నా పని ఆ డబ్బాలకు ప్రోగ్రాము రాయడం. మాస్టరు పని తీగలు అతకడం. బల్ల దగ్గర ఆయనతో పాటు ఐదుగురు ఆడవాళ్లు కూర్చునేవారు, అందరికీ పని నేర్పింది ఆయనే. యాదమ్మక్క వాళ్లలో పెద్దది.

నేను చేరిన రోజున ఆయన ఒక డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, ఒక తీగను చిమటాతో పైకెత్తి అడిగాడు. "గీ తీగ ఏం జేస్తది బిడ్డా?"

నాకు జవాబు తెలుసు. కానీ కొత్తవాళ్ల ముందు నా గొంతు ఓ పావుగంట ఆలస్యంగా వస్తుంది. ఆయన కాసేపు ఎదురుచూశాడు. తర్వాత ఆ తీగను కత్తిరించి, రిమోటు నొక్కాడు. షెడ్డు మూలన పరీక్ష కోసం బిగించిన మోటారు ఎప్పటిలాగే తిరిగింది.

"ఏం జెయ్యది," అన్నాడు, తీగను చొక్కా జేబులో వేసుకుంటూ.

ఇంటికెళ్లి లెక్క చూసుకున్నాను. అది అక్షరంలో ఎనిమిదో ముక్కను మోసే తీగ. మా రిమోటు పంపే అక్షరాలన్నింటిలోనూ ఆ ఎనిమిదో ముక్క ఎప్పుడూ సున్నానే. నాలుగేళ్లు ఇంజనీరింగు చదివిన నాకు ఈ సంగతి కత్తెర వల్ల తెలిసింది. నేను చెప్పబోయి చెప్పలేకపోయిన జవాబు, అది చాలా ముఖ్యమైన తీగ అని. ఆ రోజు మాట రాకపోవడమే మంచిదైందని డైరీలో రాసుకున్నాను.

అప్పటి నుంచి నెలకోసారి వచ్చేవాడు. బల్ల అంచున చెయ్యి ఆనించి, "ఇంకోటి తీస్తమా? ఎలుకలు గొరుకుతున్నయి" అనేవాడు. ఏడు తీగల నుంచి నాలుగుకు తెచ్చాం. అక్షరాన్ని సగం సగం చేసి, ముందొక సగం, తర్వాత ఒక సగం పంపితే నాలుగు తీగలు చాలు. ఆయన ఒక తీగ తీసిన ప్రతిసారీ నాకు రాత పెరిగేది. ఆయన జేబు కూడా పెరిగేది. తీసేసిన తీగలన్నీ అందులోనే ఉండేవి. కళ్లద్దాల కాడకు ఒకటి చుట్టుకున్నాడు. టిఫిను డబ్బా పిడికి ఒకటి. యాదమ్మక్క చెప్పు తెగితే ఎర్ర తీగతో కుట్టి ఇచ్చాడు. ఆమె ఆ చెప్పుతోనే పెళ్లికి కూడా పోయివచ్చింది.

ఈ తగ్గించే గుణం తీగల దగ్గర ఆగేది కాదు. చాయ్‌తో పాటు సాసరు ఇస్తే వెనక్కి పంపేవాడు. ఫోను నంబరు చెప్పమంటే, "పది అంకెలెందుకు? ఫోనున్నోళ్లు మన కొత్తకోటల గిందరే గదా" అనేవాడు. ఒకసారి ఎవరి పెళ్లిలోనో పందిరికి వేలాడదీసిన సీరియల్ లైట్లను చివరిదాకా నడిచి చూసొచ్చి, పెళ్లికూతురి తండ్రిని పక్కకు పిలిచాడట. "ఆరు తీగలు గట్టినవు. ఆరూ ఒకటే తీరు ఆరుతున్నయి, ఒకటే తీరు ఎలుగుతున్నయి. ఐదు ఇప్పెయ్." ఆ తండ్రి తర్వాత షెడ్డు యజమాని అయిన మా సేటుకు ఫోన్ చేసి, మీ ముసలాయన ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు.

ఆయనతో నేను పూర్తి వాక్యం మాట్లాడింది మూడో నెలలో. తీగలు తగ్గితే ముక్కలు ఒకదాని వెనక ఒకటి పోవాలి కనుక మాట ఆలస్యంగా చేరుతుందని చెప్పాను.

"ఎంత ఆలస్యం?"

"సెకండులో వెయ్యో వంతు సార్."

"బోర్ల కెల్లి నీళ్లు పైకి రానీకె అరనిమిషం వడ్తది. నీ వెయ్యో వంతుకు మోటారు ఏమన్న ఫికరు జేస్తదా?"

చెయ్యదు. ఆ రోజూ ఇంటికెళ్లి లెక్క చూసుకున్నాను.

మా షెడ్డులో అందరూ భయపడింది మాత్రం వేరే దానికి, మాస్టరు పెట్టే పరీక్షకు. సోల్డరింగు చేస్తూ చేస్తూ హఠాత్తుగా ఒక తీగ పైకెత్తి, పక్కన ఎవరుంటే వాళ్లను అడిగేవాడు. "ఇదేం రంగు?" చెప్పాలి. వెంటనే చెప్పాలి. చెప్పాక ఆయన అవునని అనేవాడు కాదు, కాదనీ అనేవాడు కాదు. ఆ తీగను ఎక్కడో అతికి, ఇంకోటి ఎత్తేవాడు. ఒప్పో తప్పో చెప్పకపోవడమే ఆ పరీక్షలో కష్టమైన భాగం. కొత్తగా చేరిన ఒకామె ఊదాకూ నీలానికీ తేడా కోసం ఇంట్లో చీరలన్నీ ముందేసుకుని చదువుకుని వచ్చేది. సేటు బల్ల వైపు వచ్చినా విడిచిపెట్టేవాడు కాదు. సేటు నిలబడి జవాబు చెప్పేవాడు.

ఎవరైనా షెడ్డు చూడటానికి వస్తే సేటు గొప్పగా చెప్పేవాడు. "మా మాస్టరుది మగ్గం కన్ను. జరీ చీరల అంచులు నేసిన ఇల్లు వాళ్లది. రంగు విషయంల ఆయన ముందల ఎవ్వరు నిలువరు." అది నిజమే, వాళ్ల ఇంట్లో అన్నదమ్ములు ఇప్పటికీ నేస్తారు. ఈయన ఒక్కడే మగ్గం దిగి రేడియోల మరమ్మతుకు వచ్చాడు. ఎందుకు దిగావని అడిగితే మగ్గం చప్పుడు పడలేదనేవాడు. జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ఆ మాట అనేవాడు.

రెండో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అందరూ బువ్వకు వెళ్లారు. నేను సొరుగులో నవల తెరిచిపెట్టుకుని చదువుతున్నాను. ఆయన పక్క బల్ల నుంచి, "బిడ్డా, ఇదేం రంగు?" అన్నాడు. తల ఎత్తీ ఎత్తకుండా, "ఎర్రది" అన్నాను. మళ్లీ చదువుకుంటున్నాను. కాసేపటికి మూలనున్న మోటారు తిరగడం మొదలుపెట్టింది. రిమోటు మాత్రం గోడకు వేలాడుతూ ఉంది.

లేచి వెళ్లి డబ్బా చూశాను. ఎర్ర తీగ ఉండాల్సిన చోట నారింజ రంగు తీగ ఉంది.

"సార్, ఇక్కడ ఎర్రది రావాలి."

"ఎర్రదే గదా. నువ్వే జెప్తివి."

మామూలుగానే అన్నాడు. చేతికి గడియారం లేనివాడు ఉన్నవాణ్ణి టైమెంతని అడుగుతాడు, తర్వాత ఆ మాట పట్టుకుని బస్సు తప్పితే ఇలాగే అంటాడు. నేను తీగ వైపు చూశాను, ఆయన వైపు చూశాను. ఇన్నాళ్లూ షెడ్డంతా రాస్తున్నది పరీక్ష కాదని అప్పుడర్థమైంది. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

నా ముఖం చూసి ఆయనకూ అర్థమైంది. చిమటా కింద పెట్టాడు.

"రూపు గనవడ్తది. సన్నంగున్నదా లావుగున్నదా అంత ఎరికే. రంగే లేదు. ముందుగాల ఎర్రది పోయింది. ఎనక ఆకుపచ్చ. నీలం శాన రోజులుండె. గది గూడ పోయింది."

"డాక్టరుకు చూపించలేదా సార్?"

"పాలమూరుల జూపిచ్చిన. నరం ఎండుతున్నదన్నడు. అద్దాలకు దొరికేది కాదన్నడు."

మగ్గం సంగతి కూడా అప్పుడే చెప్పాడు. కొంగులో ఎర్ర పోగు పడాల్సిన చోట ఆకుపచ్చ వేశాడు. ఎవరిదో పెళ్లిచీర. జానెడు నేసేదాకా తెలియలేదు. "మా అన్న వచ్చి జూసిండు. తిట్టలె. లెవ్వు అన్నడు. లేసిన. ఒకపారి మగ్గం మీదికెల్లి లేసిన బిడ్డా. గీ బల్ల కాడికెల్లి లేవ."

"సేటుకు తెలిస్తే?"

"ఆయన మంచోడే. మంచిగనే లెవ్వుమంటడు."

వాన రేకుల మీద పడుతూ ఉంది. నాకొక అనుమానం మిగిలింది. "అయితే తీగలు తగ్గించమనేది ఎలుకల కోసం కాదా సార్?"

"ఎలుకలు గూడ ఉన్నయి," అన్నాడు.

ఆ తర్వాత మా మధ్య మారిందల్లా ఒకటే. ఆయన రంగు అడిగితే నేను లేచి వెళ్లి, తీగను వెలుతురులో పెట్టి చూసి చెప్పేదాన్ని. నేను మరీ భయపడుతున్నానని యాదమ్మక్క నన్ను ఓదార్చింది. "గంత పరేషాన్ గాకు పిల్లా. తప్పు జెప్పినా కొట్టడు."

చలికాలంలో సేటు అందరినీ పిలిచి ఒక మాట చెప్పాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు మా డబ్బాలు తీసుకుంటామంటున్నారు. నెల తర్వాత వాళ్ల మనిషి వస్తాడు. బల్ల మీద పనిచేసే ప్రతి ఒక్కరూ ఆయన కళ్ల ముందు ఒక డబ్బా అతికి చూపించాలి. అతకలేనివాళ్లను బల్ల మీద ఉంచవద్దని, ప్యాకింగులో వేయమని వాళ్ల షరతు. మాస్టరు తల ఊపాడు. ఆడవాళ్లందరూ ఆయనను చూసి ధైర్యం తెచ్చుకున్నారు.

సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "నాలుగు తీగలుంటే మూడుసార్లు అడగాలె. పట్టుకుంటడు. రెండే ఉంటే ఒక్కపారి అడుగుత. ఒకటి ఎరికైతే రెండోది అదే ఎరికైతది."

ఇంతకంటే మంచి ఇంజనీరింగు కారణం నేను తర్వాత కూడా వినలేదు.

రెండు తీగలతో పంపడం సాధ్యమే. ఒక తీగ పాటకు వేసినట్టు తాళం వేస్తుంది, రెండోది తాళానికొక ముక్క చొప్పున మాట చెబుతుంది. పదిహేను రోజుల్లో రాసేశాను. రిమోటు నొక్కితే మోటారు తిరిగింది, ఆగింది. సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు నొక్కితే తిరగలేదు. నాలుగో రోజు నొక్కకుండానే తిరిగింది. నొక్కకుండా తిరిగే మోటారు పొలంలో ఎవరి చెయ్యి పట్టుకుంటుందో చెప్పలేం. రేడియో బోర్డు మాట పంపుతోంది, పెద్ద బోర్డు వేరే పనిలో ఉండి మొదటి ముక్క వదిలేస్తోంది. మిగతా ముక్కలు ఒక అడుగు జరిగి, మాట ఇంకో మాటవుతోంది. తప్పు ఎక్కడో తెలిసింది, ఏం చెయ్యాలో తెలియలేదు. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. నాలుగు తీగలకే పోదామని ఆయనకు చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను.

ఆయనే వచ్చి కూర్చున్నాడు. ఏం జరుగుతోందో చెప్పమన్నాడు. చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"అచ్చుల పోగులు ఎక్కిచ్చేటప్పుడు ఇద్దరం గూసుంటుంటిమి," అన్నాడు. "దువ్వెన లెక్క ఉంటది, దాని సందుల కెల్లి ఒక్కొక్క పోగు తియ్యాలె. నేను ఇవుతల కెల్లి అందిస్త, మా వదిన అవుతల కెల్లి గుంజుతది. ఆమె గుంజింది నా యేళ్లకు తెల్వందే నేను ఇడువ. ఇడిస్తే పోగు కిందవడ్తది. ఎనకాలవి అన్ని జరుగుతయి." చేతులతో పోగు పట్టుకున్నట్టు గాలిలో చూపించాడు. "నీ డబ్బ ఇడుస్తున్నది బిడ్డా. అవుతలోళ్లు గుంజినంక ఇడువుమను."

మా పాఠ్యపుస్తకంలో దీనికొక అధ్యాయం ఉంది. నేను దాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది ఇదేనని నాకు తట్టలేదు. మర్నాడు సాయంత్రానికల్లా, అవతలి బోర్డు అందిందని జవాబు సైగ పంపేదాకా ఇవతలి బోర్డు అదే ముక్కను పట్టుకుని ఉండేలా మార్చాను. వారం పాటు నొక్కుతూ కూర్చున్నాం. మోటారు నొక్కినప్పుడు తిరిగింది, నొక్కనప్పుడు ఊరుకుంది.

హైదరాబాదు మనిషి వచ్చాడు. కుర్రవాడే, మెరిసే బూట్లు, చేతిలో ట్యాబు. ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, తానే తీగల కొనలు కత్తిరించి ఇస్తూ, చేయిస్తూ వచ్చాడు. యాదమ్మక్క కూడా అతికింది. మాస్టరు వంతు వచ్చింది. అతను రేడియో బోర్డు నుంచి వచ్చే రెండు తీగల కొనలు కత్తిరించి ఆయన చేతిలో పెట్టాడు. కరెంటు తీగలకు ఒకవైపే పట్టే ప్లగ్గుంటుంది, వాటితో భయం లేదు. భయమంతా ఈ రెండింటితోనే. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను, కానీ అతను మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

మాస్టరు ఒక తీగను పైకెత్తి, అతని ముఖం ముందు పెట్టాడు. "ఇదేం రంగు సార్?"

ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఆ కుర్రవాడు మా అందరి ముఖాలూ చూశాడు. ఇది మామూలు ప్రశ్న కాదని అతనికి అర్థమైంది.

"నీలం," అన్నాడు. మళ్లీ చూశాడు. "నీలమే."

మాస్టరు అవుననలేదు, కాదనలేదు. వంగి ఆ తీగ అతికాడు, రెండోది కూడా అతికాడు.

"కరెక్టేనా?" అని కుర్రవాడు సేటును మెల్లగా అడిగాడు.

"చెప్పడు సార్," అన్నాడు సేటు. "ఫికర్ జెయ్యకుండ్రి. మమ్ముల గూడ గిట్లనే అడుగుతడు."

రిమోటు నొక్కారు, మోటారు తిరిగింది. కుర్రవాడు గట్టిగా ఊపిరి వదిలి ట్యాబులో ఏదో రాసుకున్నాడు. అందరినీ బల్ల మీదే ఉంచవచ్చన్నాడు.

అతని కారు వెళ్లిపోయాక మాస్టరు నా దగ్గరికి చాయ్ తెచ్చి ఇచ్చాడు, సాసరు లేకుండా.

"ఒక్కటి జేస్తవా బిడ్డా?"

"ఎందుకు సార్? గండం గడిచింది కదా. రెండు చాలు."

"రెండుంటే ఒకటి అడగాలె."

ఒకే తీగతో మాట పంపాలంటే తాళమూ మాటా అందులోనే పోవాలి. పొడుగ్గా లాగితే ఒకటి, పొట్టిగా ముగిస్తే సున్నా. జవాబు సైగ కూడా ఆ తీగ మీదే తిరిగి రావాలి. ఎనిమిది నెలలు పట్టింది నాకు. సేటుకు ఎలుకల గురించి చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. ఆ డబ్బా బయటికి వచ్చిన ఏడాదికి నేను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాను. మాస్టరు మాత్రం పోయిన బుధవారం దాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు.

ఒక తీగ డబ్బాలు మొదలైన నెలకు, షెడ్డులో గుసగుస బయల్దేరింది. మాస్టరు పరీక్ష పెట్టడం లేదు. మా మీద కోపమేమోనని కొందరు, పెద్దతనం వచ్చిందని కొందరు అనుకున్నారు. చీరలు ముందేసుకుని చదువుకున్నామె బాగా నొచ్చుకుంది. చివరికి యాదమ్మక్క ఉండబట్టలేక అడిగేసింది. "ఏం మాస్టరూ, రంగులు అడుగుడు బంద్ జేస్తివి? మేమంత పాసైనట్టేనా?"

ఆయన సోల్డరింగు కడ్డీని పక్కన పెట్టి, బల్ల చివరిదాకా అందరినీ ఓసారి చూశాడు.

"అయిండ్రు. అందరు అయిండ్రు."

యాదమ్మక్క ఆ సాయంత్రం బాలుషాలు తెప్పించి పంచింది. ఏం శుభవార్తని సేటు అడిగాడు. "పాసైనం సేటు. మాస్టరు జెప్పిండు" అంది. సేటు బాలుషా కొరకకుండా చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నేను గూడనా?"

"మీరు ఎప్పుడో అయిండ్రు సేటు," అని మాస్టరు వంగి తన తీగ అతుక్కున్నాడు.

సేటు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు.